సమష్టి దావా, మూడో పాఠం: ‘అందరూ’ ఎవరో రాయడం

ఒకే రకం నష్టం గలవారందరి తరఫున ఒకరో కొందరో నడిపే సమష్టి దావా (క్లాస్ యాక్షన్) ఇంగ్లండు చాన్సరీ కోర్టుల్లో మొదలై, అమెరికాలో 1938 నాటి ఫెడరల్ రూల్ 23గా స్థిరపడి, 1966 సవరణతో విస్తరించిన క్రమాన్ని ఇదివరకే చూశాం. మన దేశంలో దానికి దగ్గరగా ఉన్నది 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 1, రూల్ 8. ఒకే ప్రయోజనం గలవారు అనేకులున్నప్పుడు, కోర్టు అనుమతితో వారిలో ఒకరైనా కొందరైనా అందరి తరఫున దావా నడపవచ్చు. వచ్చిన డిక్రీకి (కోర్టు తుది తీర్పుకు), కోర్టు గుమ్మం తొక్కనివారితో సహా, అందరూ కట్టుబడాలి. ఇతరుల హక్కు మన చేతిలో తేలిపోతుంది గనుక, ఆ ‘అందరూ’ ఎవరో కచ్చితంగా రాయడమే ఈ విద్యలో అన్నిటికంటే బరువైన పని.

హైదరాబాదు కంపెనీ సత్యం మోసం 2009 జనవరిలో బయటపడ్డాక, న్యూయార్క్‌లో దాని డిపాజిటరీ షేర్లు (కంపెనీ వాటాలకు బదులుగా అమెరికా మార్కెట్‌లో అమ్ముడయ్యేవి) నిర్ణీత కాలంలో కొన్నవారు ఒక వర్గంగా నిలిచి, కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం సాధించారు. ఇక్కడి చిన్న వాటాదారులకు అప్పట్లో అలాంటి దారి లేకపోవడం బాధాకరం. వాటాదారులు సమష్టిగా దావా వేసే వీలు కల్పించిన కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 245 ఆ తరువాతనే వచ్చింది.

వర్గాన్ని సరిగా వర్ణించకపోతే ఏమవుతుందో బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసు చూపుతుంది. బెంగళూరులోని 1,134 ఫ్లాట్ల సముదాయంలో 51 ఫ్లాట్లు కొన్న 91 మంది, అప్పగింత ఆలస్యమైందంటూ కొనుగోలుదారులందరి తరఫున జాతీయ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించారు. అందరి ప్రయోజనం ఒకటేనని చూపే వివరాలు ఫిర్యాదులో చాలవని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి, దానిని ఆ 91 మంది ఉమ్మడి ఫిర్యాదుగా మాత్రమే కొనసాగనిచ్చింది. ఒప్పందాలు వేర్వేరు తేదీలవైనంత మాత్రాన ఇబ్బంది లేదు, ఎందుకంటే వ్యాజ్య కారణం (దావాకు దారితీసిన సంఘటన) అందరికీ ఒకటే కానక్కరలేదని రూల్ 8 వివరణే చెబుతోంది. ప్రయోజనం మాత్రం ఒకటే కావాలి, దానిని వాక్యాల్లో చూపాలి.

‘సముదాయంలోని కొనుగోలుదారులందరూ’ అని రాస్తే చాలదు. ‘బి బ్లాకులో ఫ్లాటు కొని, ఒప్పందం ప్రకారం 2020 డిసెంబరులోగా స్వాధీనం పొందవలసి ఉండి, నేటికీ పొందక, ఆలస్యానికి పరిహారం కోరుతున్నవారందరూ’ అని రాస్తే ఆస్తి, గడువు, నష్టం, కోరిక నాలుగూ తెలుస్తాయి.

సాధన: అదే బ్లాకులో కొందరు ఫ్లాటు వద్దు, కట్టిన సొమ్ము వాపసు ఇవ్వమంటున్నారు. వారు పై వాక్యంలోకి రారు. వారికి విడిగా ఒక వాక్యం రాసి, రెండు వర్గాల కోరికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కోర్టు నోటీసు ఈ వాక్యాల ఆధారంగానే వెళుతుంది. దాని ఖర్చు వాదిదే, ఆ సంగతి నాలుగో పాఠంలో.