డెస్క్‌టాప్‌లో వీడియో కాల్, చాట్: సమస్య - పరిష్కారం

వీడియో కాల్ మొరాయించగానే చాలామంది చేసే మొదటి పని ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. నిజానికి అది చిట్టచివర చేయవలసిన పని. మీరు మాట్లాడిన మాట మైకు పిన్ను, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే అనుమతి, కాల్ సాఫ్ట్‌వేర్‌లోని ఎంపిక, నెట్ కనెక్షన్ అనే నాలుగు అంచెలు దాటితే తప్ప అవతలివారికి చేరదు. ఏ అంచెలో ఆగిందో తేలితే పరిష్కారం చాలావరకు దొరికినట్టే.

అవతలివారికి మీ మాట వినిపించడం లేదు

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లోని సౌండ్ భాగంలో, ఇన్‌పుట్ కింద మీ మైకును ఎంచుకుని మాట్లాడి చూడాలి. మాటతోపాటు అక్కడి గీత కదిలితే మైకు, పిన్ను బాగున్నట్టే. ఇక చూడవలసినవి అనుమతి, సాఫ్ట్‌వేర్‌లోని ఎంపిక మాత్రమే. గీత ఉలకకపోతే ముందు హెడ్‌సెట్ తీగ మీదుండే మ్యూట్ మీటను, ఆ తర్వాత పిన్నును అనుమానించాలి.

ఈ పిన్ను చిక్కు ప్రధానంగా డెస్క్‌టాప్‌లదే. సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నును దగ్గరగా చూస్తే దాని మీద మూడు సన్నని వలయాలు కనిపిస్తాయి. అవి పిన్నును నాలుగు భాగాలు చేస్తాయి; అందులో ఒకటి మైకుది. డెస్క్‌టాప్ వెనకనున్న ఆకుపచ్చ జాక్ స్పీకర్ కోసం, గులాబీ రంగు జాక్ మైకు కోసం విడివిడిగా, మూడు భాగాల పిన్నును దృష్టిలో పెట్టుకుని చేసినవి. అందుచేత ఆ ఇయర్‌ఫోన్‌ను ఆకుపచ్చ జాక్‌లో పెడితే అవతలివారి మాట చక్కగా వినిపిస్తుంది కానీ మీ మాట కంప్యూటర్‌కే చేరదు. ఒక పిన్నును రెండుగా విడదీసే స్ప్లిటర్ కేబుల్ గానీ యూఎస్‌బీ హెడ్‌సెట్ గానీ వాడితే సమస్య తీరుతుంది.

గీత కదులుతున్నా మాట వెళ్లకపోతే, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోని మైక్రోఫోన్ పేజీలో డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి ఉందో లేదో చూడాలి. మ్యాక్‌లోనూ సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఇదే పేరుతో ఒక విభాగం ఉంది. అక్కడ అనుమతి ఇచ్చాక సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. అనుమతి ఉన్నా మాట వెళ్లలేదంటే సాఫ్ట్‌వేర్ వేరే మైకును పట్టుకుని ఉంటుంది. వెబ్‌క్యామ్‌లోనూ ఒక మైకు ఉండటం సాధారణం కాబట్టి, కాల్ సాఫ్ట్‌వేర్ ఆడియో సెట్టింగ్స్‌లో డీఫాల్ట్ అన్న ఎంపికను నమ్ముకోకుండా, హెడ్‌సెట్‌ను పేరు చూసి ఎంచుకోవడం మేలు.

మీ మాట మీకే తిరిగి వినిపిస్తోంది

ఇలా జరిగితే లోపం దాదాపు ఎప్పుడూ అవతలి వైపే ఉంటుంది: వారి స్పీకర్‌లోంచి వచ్చిన మీ గొంతు వారి మైకులోకే దూరి తిరిగి వస్తోంది. గ్రూప్ కాల్‌లో ఒక్కొక్కరినీ మ్యూట్ చేయమని అడిగితే, ఎవరు మ్యూట్ చేసినప్పుడు ప్రతిధ్వని ఆగుతుందో వారే స్పీకర్ తగ్గించాలి లేదా హెడ్‌సెట్ పెట్టుకోవాలి. చెవులు చిల్లులు పడే కీచుమోత వస్తుంటే ఒకే గదిలో రెండు పరికరాలు ఆ కాల్‌లో చేరి ఉంటాయి. ఒకదాని మైకును, స్పీకర్‌ను రెండింటినీ ఆపాలి.

బొమ్మ రావడం లేదు, లేదా మసకగా వస్తోంది

కెమెరాను మరో ప్రోగ్రామ్ వాడుకుంటోందేమో, లెన్స్ మీద మూత ఉందేమో చూసి, వెబ్‌క్యామ్‌ను యూఎస్‌బీ హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో పెట్టండి. బొమ్మ మసకగా, సాగినట్టు వస్తుంటే చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు, వెలుతురుది. వెలుతురు చాలనప్పుడు అనేక వెబ్‌క్యామ్‌లు ఒక్కో ఫ్రేమును ఎక్కువసేపు తీసుకుంటాయి. దాంతో కదలిక తునకలు తునకలుగా కనిపిస్తుంది. దీపం మీ ముఖం ముందు ఉండాలి, వెనక కాదు.

మాట తెగిపోతోంది, బొమ్మ ఆగిపోతోంది

ఇక్కడ అందరూ డౌన్‌లోడ్ వేగాన్ని చూసి మోసపోతారు. ఇద్దరి మధ్య 720పీ వీడియో కాల్‌కు జూమ్ సూచించే వేగం 1.2 ఎంబీపీఎస్ మాత్రమే. నేటి కనెక్షన్లలో అంత వేగం లేనివి తక్కువ. కొరవడేది నిలకడ. మాట ఒక వైపు చేరడానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 ప్రమాణం చెబుతుంది.

లోపం ఇంటి లోపలా, బయటా అన్నది తేల్చడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) రౌటర్ అడ్రస్‌కు పింగ్ పంపండి. పింగ్ అంటే జవాబు రావడానికి ఎంత సమయం పడుతుందో కొలిచే చిన్న పలకరింపు. కేబుల్ మీద జవాబు మామూలుగా ఒక మిల్లీసెకను అటూఇటూగా వస్తుంది. వైఫై మీద ఆ అంకె ఒక్కసారిగా వందల్లోకి ఎగబాకుతున్నా, మధ్యమధ్య జవాబే రాకపోయినా, సర్వీసు కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. కంప్యూటర్‌కు లాన్ కేబుల్ వేయాలి, వీలుకాకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారాలి. డెస్క్‌టాప్ కదలని వస్తువు కనుక కేబులే సరైన మందని నా అభిప్రాయం. పింగ్ నిలకడగా ఉన్నా మాట తెగుతుంటే, ఫొటోలను క్లౌడ్‌కు పంపే బ్యాకప్ ఏదైనా అప్‌లోడ్‌ను మింగేస్తోందేమో చూసి, కాల్ అయ్యేవరకు దాన్ని నిలిపివేయాలి.

చాట్ వెళుతోంది, కాల్ మాత్రం కలవదు

ఇది ఆఫీసు నెట్‌వర్కుల్లో ఎక్కువ. చాట్ సందేశాలు వెబ్ పేజీల దారిలోనే వెళతాయి. మాట, బొమ్మ మాత్రం వీలైనంతవరకు యూడీపీ దారిన (ప్రతి తునకా చేరిందో లేదో ఆగి చూసుకోకుండా వేగంగా పంపే పద్ధతిలో) వెళతాయి. ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ రాకపోకలను అదుపు చేసే కాపలా, ఆ దారి మూసేస్తే కాల్ కలవకపోవచ్చు, కలిసినా ఆలస్యంగా నడవవచ్చు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు 3478 నుంచి 3481 వరకు, జూమ్‌కు 8801 నుంచి 8810 వరకు యూడీపీ పోర్టులు (నెట్‌వర్క్‌లో అంకెలతో గుర్తించే ద్వారాలు) తెరవాలని నెట్‌వర్క్ చూసేవారికి చెబితే చాలు. వీపీఎన్ (మీ నెట్ రాకపోకలను మరో సర్వర్ మీదుగా మళ్లించే సేవ) వాడుతుంటే ముందు దాన్ని ఆపి చూడాలి.

చాట్‌లోకి లాగిన్ కావడం లేదు

పాత స్కైప్ ఐకాన్ నొక్కుతుంటే ఫలితం ఉండదు. ఆ సేవ 2025 మే నెలలో మూతపడింది. వాట్సాప్ డెస్క్‌టాప్ దానంతటదే లాగౌట్ అయితే, ఫోన్‌లో వాట్సాప్ వాడక 14 రోజులు దాటి ఉండవచ్చు. ఫోన్‌తో క్యూఆర్ కోడ్‌ను మళ్లీ స్కాన్ చేయాలి. ఇవేవీ కాకుండా, సురక్షిత కనెక్షన్ కుదరడం లేదన్న సందేశం వస్తుంటే కంప్యూటర్ తేదీ చూడండి. తేదీ తప్పితే, అవతలి సర్వర్ అసలైనదేనని చాటే భద్రతా సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. సరిచేసిన తేదీ కరెంటు తీసిన ప్రతిసారీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయినట్టు. అది సాధారణంగా సీఆర్2032 రకం, కంప్యూటర్ ప్లగ్ తీసేసి కొత్తది వేసుకోవచ్చు.