టీ వేళ మార్చాక పెరిగిన రక్తం

ఐదో నెలలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. గర్భిణులకు కనీసం 11 ఉండాలి. రోజూ ఐరన్ మాత్ర వేసుకుంటున్నా, తోటకూర పప్పు తింటున్నా పెరగట్లేదని ఒకటే టెన్షన్. డాక్టరమ్మ నా దినచర్య మొత్తం అడిగితే అసలు సంగతి బయటపడింది. అన్నం తినగానే టీ తాగేదాన్ని. ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి మింగేదాన్ని. టీలోని టానిన్లు, ఆ కాల్షియం కూడా ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవు.

నాకని వేరే వంట పెట్టలేదు. ఇంట్లో అందరికీ వండేదే అత్తయ్య, నేను కాస్త మార్చుకున్నాం. ఐరన్ ఒంటికి బాగా పట్టడానికి సి విటమిన్ సాయపడుతుంది కదా, అందుకే పప్పు దించి, పొంగు తగ్గాక నిమ్మకాయ పిండుతాం. పొయ్యి మీద మరుగుతుండగా పిండితే సి విటమిన్ కొంత పోతుంది, పైగా చేదెక్కుతుంది. పోపు వాసన నాకు అస్సలు పడేది కాదు, కడుపులో తిప్పేసేది. అందుకే నా గిన్నె పక్కకు తీశాకే అత్తయ్య ఇంగువ, వెల్లుల్లి పోపు పెట్టేవారు. వేడి పప్పు మీద నిమ్మరసం పడగానే వచ్చే ఆ పుల్లటి ఆవిరికే నాకు ఆకలి పుట్టేది.

టీ సాయంత్రం నాలుగింటికి, అదీ ఒక్క కప్పే. డాక్టరమ్మ చెప్పినట్టు ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి. ఆరు వారాలకు 10.6 వచ్చింది. మామయ్యగారు కూడా ఇప్పుడు నిమ్మచెక్క లేనిదే పప్పన్నం కలపట్లేదు.