పండగ ఆఫర్లలో గేమింగ్ పీసీ పార్టులు కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

దసరా, దీపావళి ఆఫర్లు దగ్గరపడ్డాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బు కట్టే ముందు:

• పీసీకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు. నాసిరకంది పోతూ పోతూ మదర్‌బోర్డునీ గ్రాఫిక్స్ కార్డునీ పాడుచేయగలదు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూసి నమ్మకండి. లేబుల్‌లో 12 వోల్టుల లైనుకు ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి, కార్డుకూ ప్రాసెసర్‌కూ అందే పవర్ అదే. 80 ప్లస్ ముద్ర కరెంటు వృథా గురించే చెబుతుంది, రక్షణ సర్క్యూట్ల గురించి కాదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది అసలు వాడకండి.

• ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఒకదానికొకటి సరిపోవాలి. ఏఎండీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎం4 అయితే డీడీఆర్4 ర్యామ్, ఏఎం5 అయితే డీడీఆర్5. ఇంటెల్ 12, 13, 14 తరాల బోర్డులు రెండు రకాల్లోనూ వస్తాయి, మోడల్ పేరు చివరిదాకా చదవండి.

• గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొందామనుకుంటే ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లు, ఏఎండీలో రైజెన్ 5 5600 వద్దు. వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, తెర మీద బొమ్మ రాదు.

• ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ కన్నా 8 జీబీవి రెండు మేలు. రెండూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానల్‌లో ఆటలు సాఫీగా నడుస్తాయి.

• కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో సరిచూడండి.

• జీఎస్టీ బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరూ రాయించుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, రేపు వారంటీ అడగడానికి కాగితం ఉండదు.