సిరీస్‌ను సినిమాగా కత్తిరిస్తే హీరో మనసు తెగిపోకూడదు

పోయిన ఎండాకాలం కావలిలో, మా ఇంట్లో కూర్చుని స్టార్ వార్స్ లోకంలో నడిచే ఒబీ-వాన్ కెనోబి సిరీస్‌ను సినిమాగా ఎడిట్ చేశాను. 2022లో వచ్చిన ఆరు ఎపిసోడ్లు, కలిపితే నాలుగు గంటల పైచిలుకు. రెండు గంటలకు దించాను, ఫైట్లన్నీ ఉన్నాయి, స్పీడుగా పోతోంది. అమ్మకు చూపిస్తే అరగంట చూసి, "ఈయన ఎందుకట్టా దాక్కోనుండాడు?" అనింది. నేనేం పోగొట్టానో అప్పుడర్థమైంది.

మొదటి ఎపిసోడ్‌లో ఒకప్పుడు జెడై అనే యోధుల్లో ఒకడైన ఒబీ-వాన్ ఎడారిలో కూలికి మాంసం కోస్తుంటాడు. పక్కనున్న కూలీకి డబ్బు తక్కువిచ్చి దబాయిస్తుంటే చూసి కూడా తల దించుకుని వెళ్లిపోతాడు. సాయం కోసం వచ్చిన కుర్ర జెడైని కాదు పొమ్మంటాడు. ఇవి లేకపోయినా కథ నడుస్తుందని తీసేశాను. కానీ చివరి ఎపిసోడ్‌లో అతను విలన్ వేడర్ (తన పాత శిష్యుడు అనాకినే) ఎదుట నిలబడితే మన గొంతు పట్టుకునేది, ముందు ఆ తల దించుకోవడం చూసినందుకే.

కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవక ముందే ఒక నోట్‌బుక్ తీసుకోండి. సీన్ మొదలయ్యేటప్పుడు హీరో ఏం నమ్ముతున్నాడు, అయిపోయేటప్పటికి ఏం నమ్ముతున్నాడు, ఈ రెండూ ప్రతి సీన్‌కీ రాయండి. తేడా లేని సీన్ తీసేయొచ్చు. మొదట్లో అతను వెనకడుగు వేసే సీన్లు మాత్రం రెండన్నా ఉంచండి, ఒక్కసారే చూపిస్తే ఆ రోజు మూడ్ బాగాలేదేమో అనుకుంటారు. వెంటపడటాలు, నడకలు, ఒకే వార్తను ఇద్దరు చెప్పడం, వీటిని మొహమాటం లేకుండా కోసేయండి.

ఒబీ-వాన్‌ను వేటాడే రేవా కథను మొత్తం లేపేయాలని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. అనాకిన్ బతికే ఉన్నాడని రెండో ఎపిసోడ్‌లో ఒబీ-వాన్‌కు చెప్పేది ఆమే, చివర్లో ఆమెను అతను ఓదార్చే తీరులోనే అతనికీ కొంత బరువు దిగుతుంది. అనాకిన్ సంగతి విన్నాక అతని ముఖం మీద ఉండే షాట్‌ను ఒక్క ఫ్రేమ్ కూడా తగ్గించకండి.

ఇక సౌండ్, చాలా ఎడిట్లు పాడయ్యేది ఇక్కడే. బొమ్మ కట్ చేసిన చోటే సౌండ్ కూడా కట్ చేస్తే మ్యూజిక్ తెగినట్టు తెలిసిపోతుంది. తర్వాతి సీన్ గాలి చప్పుడునో మాటనో అరసెకను ముందే మొదలుపెట్టండి. 5.1 ఆడియోలో (ఆరు ఛానళ్ల సౌండ్) మాటలు ఎక్కువగా సెంటర్ ఛానల్‌లో ఉంటాయి, మ్యూజిక్ అడ్డమొస్తే మిగతా ఛానళ్లు తగ్గించి, ఎవరూ మాట్లాడని చోటి నుంచి తీసిన నిశ్శబ్దాన్ని కింద పరవండి. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్ దీనికి చాలు. మే నెలలో మాకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, అందుకే చేసిన ప్రతి మార్పునూ తనంతట తనే సేవ్ చేసే లైవ్ సేవ్ ఆన్‌లోనే ఉంచుతాను.

డబ్బు పెట్టి కొన్న డిస్క్‌తోనే పని చేయండి, ఫైల్ అమ్మొద్దు, ఎక్కడా అప్‌లోడ్ చేయొద్దు.

అయ్యాక సిరీస్ చూడని మనిషికి చూపించండి. మధ్యలో ఏమీ వివరించకండి, వాళ్లు ప్రశ్న అడిగిన నిమిషం మాత్రం రాసుకోండి. నా రెండో కట్ రెండు గంటల ఇరవై నిమిషాలు వచ్చింది. పనిలో అతను ఒక మాంసం ముక్క దాచుకునే చోట అమ్మ "ఎవరికది?" అనింది. కాసేపటికి దాన్ని తన జంతువు నోటికి అందిస్తాడు, అప్పుడిక ఏమీ అడగలేదు.