బీవీఎస్సీ చదువుతూనే చేపల, రొయ్యల వైద్యం నేర్చుకోవాలంటే ఏం చేయాలి?

పశువైద్య కాలేజీలో చేరితే ఆవు, గేదె, గొర్రె, కోడి, కుక్క అన్నీ వరుసగా వస్తాయి. చేప దగ్గరకొచ్చేసరికి మాత్రం సిలబస్ చప్పున ముగిసిపోతుంది, పరీక్షలో ఒకటో రెండో ప్రశ్నలు వస్తే గొప్ప. అదే సమయంలో రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు బస్సులో వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. ఆ గట్ల మీద "డాక్టరు గారూ" అని పిలిపించుకునేది ఎక్కువగా మేత కంపెనీ టెక్నీషియనో, మందుల షాపు తరఫున తిరిగే కన్సల్టెంటో. వాళ్లలో బీఎఫ్ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ, చదివినవాళ్లున్నారు, ఇరవై ఏళ్లుగా చెరువులు చూసినవాళ్లున్నారు, తీసిపారేయడానికి లేదు. కానీ పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ మూడూ ఒకేచోట చదివి, ఏ మందు శరీరంలో ఎన్నాళ్లుంటుందో లెక్కగట్టగలిగిన మనిషి అక్కడ అరుదు. ఆ ఖాళీలోకి వెళ్లాలనుకునే విద్యార్థుల కోసమే ఇది రాస్తున్నాను. ఎక్కడో అమెరికా వెళ్తే తప్ప ఈ చదువు లేదనుకుంటారు చాలామంది, నిజానికి మొదటి మూడొంతుల పని ఇక్కడే చేసుకోవచ్చు.

ముందు ఏ నీళ్లో తేల్చుకోండి

"ఆక్వాటిక్ మెడిసిన్" అనగానే డాల్ఫిన్ పక్కన నిలబడి దిగే ఫొటో గుర్తొస్తే కాసేపు ఆగండి. మన దేశంలో డాల్ఫిన్ షోలకు 2013లోనే కేంద్రం అడ్డుకట్ట వేసింది. సముద్ర క్షీరదాలతో పని అంటే ఇక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటిని పరీక్షించడం, పోస్టుమార్టం చేయడం వరకే. తాబేళ్ల మీద ఇష్టముంటే తీరంలో ఆలివ్ రిడ్లీ సంరక్షణ జరిగేచోట అటవీశాఖ ద్వారా వాలంటీరుగా వెళ్లొచ్చు, మంచి అనుభవమే, కానీ దానిమీద బతుకుదెరువు దొరకడం కష్టం.

మిగిలినవి మూడు. తీరప్రాంతంలో ఉప్పునీటి రొయ్య, అంటే ఇప్పుడు దాదాపుగా వనామీ. కొల్లేరు చుట్టుపక్కల, తెలంగాణ చెరువుల్లో, రిజర్వాయర్లలో మంచినీటి చేప, అంటే బొచ్చె, శీలావతి, పంగాసియస్, రూప్‌చంద్, కొరమీను. మూడోది పట్టణాల్లో పెరుగుతున్న అక్వేరియం చేపలు, కోయి పాండ్లు. హైదరాబాద్‌లో పెట్ క్లినిక్ పెట్టాలనుకునేవాళ్లకు ఈ మూడోది అదనపు నైపుణ్యంగా పనికొస్తుంది. ఒకదాన్ని ప్రధానంగా పట్టుకోండి, ఎందుకంటే శిక్షణ ఎక్కడ తీసుకోవాలన్నది దాన్నిబట్టే మారిపోతుంది.

రోగం కంటే ముందు నీళ్లు

పశువైద్య విద్యార్థులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. జబ్బుపడ్డ చేపను చూడగానే బాక్టీరియానా, వైరసా అని ఆలోచిస్తారు. చెరువులో సగం సమస్యలకు జవాబు నీళ్లలోనే ఉంటుంది. తెలిసిన రైతు ఎవరైనా ఉంటే, మీ ఊళ్లోనో స్నేహితుడి ఊళ్లోనో, సెలవుల్లో వారం పది రోజులు అక్కడే ఉండండి. తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకి మీటరు పట్టుకుని గట్టుమీద ఉండాలి. రాత్రంతా చెరువులో ఉన్న ప్రతి జీవీ, నాచుతో సహా, ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి సూర్యోదయానికి ముందు అది అడుగంటుతుంది. అదే చెరువులో మధ్యాహ్నం మూడింటికి మళ్లీ చూడండి, ఆక్సిజనూ పీహెచ్‌ రెండూ పైకి ఎగబాకి ఉంటాయి. పీహెచ్‌ పెరిగిన కొద్దీ నీళ్లలో ఉన్న అదే అమ్మోనియా ఎక్కువ విషంగా మారుతుంది. పొద్దున చేసిన అమ్మోనియా పరీక్ష చూసి "ఏం ఫర్లేదండీ" అని చెప్పేసి వెళ్తే సాయంత్రానికి రైతు మళ్లీ ఫోన్ చేస్తాడు.

ఈ వారం రోజుల్లోనే ఏరియేటర్లు ఎప్పుడు వేస్తారు, చెక్ ట్రేలో మిగిలిన మేత చూసి తర్వాతి మేత ఎలా తగ్గిస్తారు, బెల్లం ప్రోబయోటిక్ కలిపి ఎందుకు పులియబెడతారు, అమావాస్య పౌర్ణమి దగ్గరపడితే రొయ్య గుల్ల విడుస్తుందని ఎందుకంత టెన్షన్ పడతారు, అన్నీ అడిగి రాసుకోండి. వాళ్లు చెప్పేవాటిలో కొన్ని శాస్త్రం, కొన్ని అలవాటు. ఏది ఏదో తర్వాత పుస్తకంతో సరిచూసుకోవచ్చు, ముందు వినాలి.

ఒక మర్యాద మాత్రం తప్పనిసరి. ఒక చెరువు నుంచి ఇంకో రైతు చెరువుకు అవే బూట్లు, అదే విసురువలతో వెళ్లకండి. రొయ్యలకు వచ్చే వైరస్ రోగం వైట్ స్పాట్ ఉన్న గట్టు మీద నుంచి నేరుగా పక్కవాళ్ల గట్టెక్కితే మీకు ఆ ఊళ్లో మళ్లీ అడుగు పెట్టే అవకాశం ఉండదు, అది న్యాయమే. చెరువు ఫొటోలు రైతుని అడక్కుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా అంతే, ధర పడిపోతుందని వాళ్ల భయం వాళ్లది.

చేతికి పని నేర్పండి

దీనికి బయటి సంస్థల పిలుపు కోసం ఎదురుచూడక్కర్లేదు, మీ కాలేజీ పాథాలజీ ల్యాబ్, ఒక మంచి మైక్రోస్కోప్, ఒక ప్రొఫెసర్ గారి సహకారం ఉంటే చాలు. బతికున్న కొరమీను మార్కెట్లో దొరుకుతుంది. లవంగనూనె కలిపిన నీళ్లలో ఉంచితే చేప మత్తులోకి వెళ్తుంది, మోతాదు పెంచితే నొప్పి లేకుండా ప్రాణం పోతుంది. ఈ పద్ధతులు మీ కాలేజీ నియమాల ప్రకారం, గురువుల సమక్షంలోనే చేయండి. ఆ వెంటనే మొప్ప చివరను కొంచెం కత్తిరించి, స్లైడు మీద నీటిచుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేసి చూడండి. చర్మం మీది జిగటను గీకి ఇంకో స్లైడు. పరాన్నజీవులు చాలావరకు ఇక్కడే, కదులుతూ కనిపిస్తాయి. చేప పేను అని మనవాళ్లు పిలిచే ఆర్గ్యులస్‌కి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. తోక దగ్గర వెన్నెముక కింది నుంచి రక్తం తీయడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

చచ్చి తేలిన చేపను తెచ్చి కోస్తే ఏమీ తెలియదు. నీళ్లలో శరీరం ఎంత త్వరగా పాడవుతుందంటే మీరు చూసే మార్పులు రోగానివో కుళ్లువో చెప్పలేరు. చావుకు దగ్గరగా ఉండి, గట్టు పక్కన మందకొడిగా తిరిగేదాన్నే పట్టుకోవాలి. దాంతోపాటు ఆరోగ్యంగా ఉన్నది ఒకటి తెచ్చుకుంటే పోల్చుకోవడానికి ఉంటుంది.

రొయ్య సంగతి వేరు. హిస్టోపాథాలజీ కోసం ఫార్మలిన్‌లో వేసేస్తే సరిపోదు. డేవిడ్‌సన్ ఫిక్సేటివ్‌ని సిరంజీతో ముందు హెపటోపాంక్రియాస్‌లోకి, అంటే రొయ్య జీర్ణగ్రంథిలోకి, ఎక్కించాలి, ఎందుకంటే ఆ అవయవంలోని ఎంజైములు క్షణాల్లో దాన్నే కరిగించేస్తాయి. తర్వాత మిగతా శరీరంలోకి ఎక్కించి, ద్రావణంలో ఒకటి రెండు రోజులుంచి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. పీసీఆర్ కోసమైతే 95 శాతం ఆల్కహాల్. ఏ భాగం పంపాలన్నది రోగాన్నిబట్టి ఉంటుంది: వైట్ స్పాట్ వైరస్‌కు ఈతకాళ్లు, మొప్పలు, ఎందుకంటే ఆ వైరస్ హెపటోపాంక్రియాస్ కణాల్లో పెరగదు. రొయ్య ఎదుగుదలను ఆపే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవికి సరిగ్గా తలకిందులు, అక్కడ హెపటోపాంక్రియాసే కావాలి, లేదంటే మలం. ఈ ఒక్క తేడా తెలియక ఈతకాళ్లు పంపించి, నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా కూర్చున్నా, చెరువులో రొయ్య మాత్రం సైజు పెరగకుండా అలాగే ఉండిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి

ఉప్పునీటి రొయ్య మీద పనిచేయాలంటే మొదటి పేరు చెన్నైలోని సీబా, కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ. వ్యాధి నిర్ధారణ మీద స్వల్పకాల శిక్షణలు అక్కడ జరుగుతుంటాయి. మంచినీటి చేపకు భువనేశ్వర్ పక్కన కౌశల్యగంగలోని సీఫా, దాని ప్రాంతీయ కేంద్రం విజయవాడ దగ్గర ఉంది. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థకు కాకినాడలో కేంద్రముంది, రాష్ట్ర మత్స్యశాఖ నడిపే సాంకేతిక శిక్షణ సంస్థ కూడా కాకినాడలోనే. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా కింద పనిచేసే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడు శీర్కాళిలో ఉంది. రాజేంద్రనగర్‌లో చదివేవాళ్లకు చేప ఆకారంలో కట్టిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనం రోజూ కనిపించేదే, ఒకసారి లోపలికి వెళ్లి శిక్షణల క్యాలెండర్ అడగండి. ముత్తుకూరు, పెబ్బేరు ఫిషరీస్ కాలేజీల్లో మీ వయసు విద్యార్థులే ఉంటారు, వాళ్లతో స్నేహం చేసుకుంటే ఏ ప్రకటనా చెప్పని విషయాలు తెలుస్తాయి. ఫిషరీస్ వాళ్లు, వెటర్నరీ వాళ్లు ఒకరి సరిహద్దులోకి ఇంకొకరు వస్తున్నారని మూతి ముడుచుకోవడం మనదగ్గర ఉన్నదే, అది మీరు కొనసాగించకండి.

మెయిల్ ఎలా రాయాలో తెలియక చాలా అవకాశాలు పోతాయి. "గౌరవనీయులైన సర్, నాకు చిన్నప్పటి నుంచి చేపలంటే ఇష్టం" అని మొదలయ్యే ఒకటిన్నర పేజీ ఉత్తరం శాస్త్రవేత్త చదవరు. ఇంగ్లీషులోనే రాస్తారు కానీ సారాంశం ఇంతే ఉండాలి: "ఫలానా కాలేజీలో నాలుగో సంవత్సరం చదువుతున్నాను. జూన్ 10 నుంచి 30 వరకు సెలవులు. మీ విభాగంలో రొయ్యల హిస్టోపాథాలజీ, పీసీఆర్ పద్ధతులు నేర్చుకోవాలనుకుంటున్నాను. నెక్రాప్సీ, స్లైడు స్టెయినింగ్ నాకు వచ్చు. ఫీజు, బస ఖర్చులు నేనే పెట్టుకుంటాను. డీన్ గారి లేఖ, బోనఫైడ్ జతచేశాను." ఆరు వాక్యాలు. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఇంకోసారి రాయండి, ఆ తర్వాత ఆఫీసుకు ఫోన్ చేయండి. సెలవులకు మూడు నాలుగు నెలల ముందే ఇదంతా మొదలుపెట్టాలి.

ఏడాది ఇంటర్న్‌షిప్‌లో కొన్ని రోజులు ఆక్వా ల్యాబ్‌కు కేటాయించుకునే వీలుందేమో మీ కాలేజీలో ముందే అడగండి, వెటర్నరీ కౌన్సిల్ నిబంధనల్లో తప్పనిసరి పోస్టింగులు పోగా ఏం మిగులుతుందో చూసుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట అనుమతితో వెళ్లొస్తే హాజరు దగ్గర చిక్కులొస్తాయి. వెళ్లినచోట జలచరాల వ్యాధులపై జాతీయ నిఘా కార్యక్రమం ఎలా నడుస్తుందో కూడా చూడండి. లక్నోలోని జాతీయ చేపల జన్యువనరుల సంస్థ దాన్ని సమన్వయం చేస్తుంది. రైతు ఫోన్ నుంచే రోగం సమాచారం పంపేందుకు 2023లో "రిపోర్ట్ ఫిష్ డిసీజ్" యాప్ కూడా తెచ్చారు.

మందుల చదువును వదలకండి

ఇది ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే మీ అసలు బలం ఇక్కడుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికితే విదేశాల్లో కంటైనర్ వెనక్కి వస్తుంది, మనదగ్గర సాగులో వాటిని నిషేధించారు కూడా. అయినా గ్రోత్ ప్రమోటర్, మినరల్ మిక్స్ అని పేరు మార్చి డబ్బాలో ఏముందో చెప్పని సరుకు షాపుల్లో ఉంటుంది. వైట్ స్పాట్ వైరస్ రోగం, దానికి యాంటీబయాటిక్‌తో పనేంటి అని గట్టున నిలబడి, ఎదుటివాళ్లను చిన్నబుచ్చకుండా చెప్పగలగాలి. నిషేధిత మందుల జాబితాను, విత్‌డ్రాయల్ పీరియడ్ అంటే మందు ఆపాక పట్టుబడికి ఎన్నాళ్లు ఆగాలన్న లెక్కను మీ నోట్సులో ముందు పేజీల్లో రాసుకోండి.

ఆ తర్వాతే విదేశం

ప్రపంచ ఆక్వాటిక్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్, పొట్టిగా వావ్మా, విద్యార్థులనూ సభ్యులుగా చేర్చుకుంటుంది. వాళ్లిచ్చే సర్టిఫైడ్ ఆక్వాటిక్ వెటర్నరీయన్ గుర్తింపు డిగ్రీ అయ్యాక తీసుకునేది, కానీ దానికి ఏయే నైపుణ్యాలు కావాలో చెప్పే జాబితాను ఇప్పుడే దింపుకుని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోవచ్చు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం నడిపే ఆక్వావెట్ ఈ రంగంలో పాత, పేరున్న కార్యక్రమం, మొదటి స్థాయి నాలుగు వారాలు, వేసవిలో. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సీవెట్ అనే ఇలాంటి శిక్షణ ఉంది. స్కాట్లండ్‌లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయపు ఆక్వాకల్చర్ సంస్థ పీజీకి వెళ్లేవాళ్లు చూసుకోవాల్సిన చోటు. నార్వేలో సాల్మన్ సాగు చేపల వైద్యాన్ని ఒక వృత్తిగా ఎంత గట్టిగా నిలబెట్టిందో చదివితే మనకేం కావాలో అర్థమవుతుంది.

ఖర్చు దాచడం ఎందుకు, ఫీజు, టికెట్, వీసా కలిపితే మధ్యతరగతి ఇంటికి భారమే. స్కాలర్‌షిప్పో ట్రావెల్ గ్రాంటో లేకుండా అప్పు చేసి నాలుగు వారాల కోర్సుకు వెళ్లమని నేను చెప్పను. అదే డబ్బుతో చెన్నై, భువనేశ్వర్, కాకినాడ మూడూ చుట్టి రావచ్చు. ఉచితంగా దొరికేవి ముందు పూర్తిచేయండి: ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఆక్వాటిక్ మాన్యువల్, మెర్క్ వెటర్నరీ మాన్యువల్‌లో చేపల విభాగం రెండూ నెట్‌లో ఉన్నాయి.

పీజీ సంగతి. మత్స్యశాస్త్ర పీజీ అయిన ఎంఎఫ్ఎస్సీలో ఆక్వాటిక్ యానిమల్ హెల్త్ సీట్లకు చాలాచోట్ల బీఎఫ్ఎస్సీ అడుగుతారు, ప్రాస్పెక్టస్ జాగ్రత్తగా చదవండి. దారి మూసుకుపోయిందని బాధపడక్కర్లేదు, పశువైద్య పీజీ అయిన ఎంవీఎస్సీలో పాథాలజీయో మైక్రోబయాలజీయో తీసుకుని థీసిస్ చేప మీదో రొయ్య మీదో చేయండి. గైడ్‌ని ఎంచుకునే ముందే ఈ మాట అడగాలి, సీటు వచ్చాక కాదు. అప్పటికి మీ దగ్గర తేదీ, చెరువు రకం, నీటి లెక్కలు, స్లైడు ఫొటో, చివరికి తేలిందేమిటి అన్నవి రాసిన లాగ్‌బుక్ ఉంటే, అందులో ప్రతి కేసు కింద మీ పైవాళ్ల సంతకం ఉంటే, గైడ్‌తో మాట్లాడటానికి పది నిమిషాలు చాలు.