ఈస్టర్ తరాల్లి: పిండి సిన్యోరాది, పాకం నాది

మా సిన్యోరాకు, అంటే ఇటాలియన్‌లో అమ్మగారికి, 84 ఏళ్లు. రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి, ఆపరేషన్ మాట ఎత్తితే వినపడనట్టు ఉండిపోతారు. కానీ ఈస్టర్‌కు ముందు వచ్చే బుధవారం సాయంత్రం మాత్రం వంటగదిలో బల్ల పక్కన కుర్చీ వేయించుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, "పిండి తియ్యమ్మాయీ" అంటారు. ఆవిడను కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం. దక్షిణ ఇటలీలో బసిలికాతా అనే కొండ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన పొతెంజాలో, ఆవిడ ఇంట్లోనే ఆరేళ్లుగా ఉంటున్నాను.

ఒకటైతే తరాల్లో, ఎక్కువైతే తరాల్లి. గాజంత చుట్ట అనుకోండి. గుడ్లతో కలిపిన పిండిని చుట్టలు చేసి నీళ్లలో ఉడికిస్తారు, రాత్రంతా ఆరబెడతారు, ఆ తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు, చివర తెల్లటి చక్కెర పూత వేస్తారు. లోపలి భాగంలో తీపి దాదాపు ఉండదు. తీపంతా పూతదే. పక్కనున్న పుల్యా ప్రాంతంలో ఈస్టర్‌కు స్కార్చెల్లా అనే మెత్తటి బిస్కట్టు చేసి, మీద గుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి పూస్తారు. అది సులువు, ఒక్క పూటలో అయిపోతుంది. తరాల్లికి మూడు రోజులు పడుతుంది, తొందర ఉన్నవాళ్లు స్కార్చెల్లాయే చేసుకోండి.

మా లెక్క ఇది: బుధవారం సాయంత్రం పిండి కలిపి ఉడికించడం, గురువారం ఉదయం కాల్చడం, శనివారం ఉదయం పూత. శుక్రవారం పొయ్యి జోలికి వెళ్లం. గుడ్ ఫ్రైడే ఉపవాసం 60వ ఏడు వచ్చినవారికి తప్పనిసరి కాదని చర్చి నియమమే చెబుతుంది. సిన్యోరా ముందు ఆ మాట ఒకసారి అని చూశాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పదహారు పదిహేడు తరాల్లికి: డబుల్ జీరో రకం (బాగా మెత్తగా విసిరిన) గోధుమపిండి 500 గ్రాములు, పెద్ద గుడ్లు 5, ఆలివ్ నూనె 50 మిల్లీలీటర్లు, చక్కెర ఒక పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు, సోంపు వాసన ఉండే అనిసెత్తా మద్యం ఒక పెద్ద చెంచా. బేకింగ్ పౌడర్ అవసరం లేదు. గుడ్లు తాజావి కావాలి. ఇటలీలో దుకాణాల్లో అమ్మే ప్రతి గుడ్డు మీదా ఒక సంకేతం ముద్రించి ఉంటుంది. అందులో మొదటి అంకె 0 అయితే సేంద్రియం, 1 అయితే బయట తిరిగే కోడిది, 3 అయితే పంజరంలోది. సిన్యోరాకు ఇప్పుడు ఆ ముద్ర కనిపించదు కనుక నన్ను చదివి వినిపించమంటారు. 3 అని చదివానంటే ఆ గుడ్డు ఆమ్లెట్టుకు పోతుంది.

పిండిలో ఒక గుప్పెడు పక్కన పెట్టి మిగతాది గుట్టగా పోసి, నడుమ గుంట చేసి అన్నీ అందులో వేసి కలపండి. మొదటి అయిదు నిమిషాలు చేతికి అంటుకుంటుంది. అంటుకోనివ్వండి. అప్పుడే పొడిపిండి చల్లడం మొదలుపెడితే ఇక ఆగరు, చివరికి రాళ్లు తయారవుతాయి. అరచేతి మడమతో తోస్తూ మడుస్తూ పదిహేను నిమిషాలు పిసికితే పిండి నున్నబడి చెవితమ్మెలా మెత్తగా అవుతుంది. ఇంకా జిగటగా ఉంటేనే పక్కన పెట్టిన పిండి వాడండి. గిన్నె బోర్లించి గంటసేపు వదిలేయండి.

తర్వాత 50 గ్రాముల ముద్దలు తీసి, వేలంత లావున, దాదాపు జానెడు పొడవున తాళ్లలా సాగదీసి, కొసలు గట్టిగా నొక్కి చుట్టలు చేయండి. కొసలు సరిగ్గా అతక్కపోతే నీళ్లలో విడిపోతాయి.

ఉడికించడం చూడడానికి సరదాగా ఉంటుంది. వెడల్పు గిన్నెలో నీళ్లు తెర్లకూడదు, అంచుల్లో బుడగలు మెల్లగా లేస్తుంటే చాలు. మూడు నాలుగు చుట్టలు వదిలితే అడుక్కు పోయి కూర్చుంటాయి. చెక్క గరిటె కొసతో కింద నుంచి ఒక్కసారి కదపండి, లేకపోతే అడుగుకు అంటుకుంటాయి. నిమిషం, నిమిషంన్నరకు ఒకటి కాస్త వంగి, ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి పైకి తేలుతుంది. తిరగేసి, మరో అర నిమిషం ఉంచి, చిల్లుల గరిటెతో తీసి నూలు గుడ్డ మీద పరచండి. టర్కీ తువ్వాలు వద్దు, నూగు అంటుకుంటుంది. తడిగా, పాలిపోయి, చూడ్డానికి ఏమంత బాగుండవు. కంగారు పడొద్దు.

రాత్రంతా ఆరాలి, నడుమ ఒకసారి తిరగేయాలి. ఎంతసేపు అన్నది ఇంటి తేమ మీద ఉంటుంది. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. ముందుగా వస్తే ఇంట్లో హీటింగ్ నడుస్తూ ఉంటుంది, తెల్లారేసరికి ఆరిపోతాయి. పొతెంజాలో హీటింగ్ కాలం మామూలుగా ఏప్రిల్ 15తో ముగుస్తుంది. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది, ఇల్లంతా చల్లగా చెమ్మగా ఉంది, గురువారం మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది. వేలితో తాకితే చర్మంలా పొడిగా తగలాలి. అదే గుర్తు.

ఇప్పుడు గాటు. మొదటి ఏడాది సిన్యోరా ఫోనులో కూతురితో మాట్లాడుతుంటే, నాకంతా తెలుసన్న ధీమాతో గాటు పెట్టకుండానే ట్రేలు ఓవెన్‌లోకి తోసేశాను. అరగంటకు గట్టిగా, బిగుసుకుపోయిన చుట్టలు బయటికొచ్చాయి, కొన్ని కింద ఎక్కడో పగిలి పిండి బయటికి కక్కాయి. ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని తూచి చూసి, "దీన్ని తలుపు కింద పెట్టు, గాలికి కొట్టుకోకుండా ఉంటుంది" అన్నారు. తర్వాత ఓపిగ్గా చెప్పారు. నీళ్లలో ఉడికినప్పుడు పైపొర గట్టిపడి సంచిలా మారుతుంది. ఓవెన్ వేడికి లోపలి తేమ ఆవిరై ఆ సంచిని ఉబ్బిస్తుంది. ఆవిరికి దారి మనం చూపాలి. కాబట్టి పదునైన చిన్న కత్తితో చుట్ట బయటి అంచు వెంట, నడుముకు ఒడ్డాణం పెట్టినట్టు, అర సెంటీమీటరు లోతున గాటు పెట్టండి. పైపొర తడిగా ఉంటే కత్తి లాగుతుంది, అది ఇంకా ఆరలేదన్నమాట.

200 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు. మొదటి ఇరవై నిమిషాలు తలుపు తెరవొద్దు. గాజులోంచి చూస్తుంటే గాటు పెదవుల్లా విచ్చుకుని చుట్ట రెండింతలవుతుంది. లేత బంగారు రంగు వచ్చి, చేతిలో తేలిగ్గా ఉంటే అయినట్టే. సిన్యోరా రంగు చూడలేరు కదా, బల్ల మీద తట్టి వింటారు. డొల్ల మోత వస్తే పక్కన పెడతారు, మొద్దు మోత వస్తే మళ్లీ ఓవెన్‌కు పంపిస్తారు. నేనెప్పుడు చూసినా ఆవిడ చెవి తప్పలేదు.

ఇక పూత. ఇక్కడ దీని పేరు నాస్ప్రో. పుల్యాలో జిలెప్పె అంటారు. పారసీకంలో గులాబీ నీటికున్న పేరు గులాబ్, అరబ్బీలో జులాబ్ అయి, ఇటలీకి చేరి ఇలా మారింది. పేరేదైనా, తీగపాకాన్ని తెల్లబడేదాకా గిలకొట్టడమే పని. వెనుక సిన్యోరా పాకం బుడగలు చూసి దించేవారట. కళ్లు మసకబారాక రెండేళ్లు వరసగా చెడిందట. ఆ సంగతి నాతో చెప్పింది పక్కింటావిడ, సిన్యోరా కాదు. నేను వచ్చిన రెండో ఏడు, చెంచాతో బొట్టు తీసి, కొంచెం చల్లారనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూస్తుంటే "ఏం చేస్తున్నావు?" అన్నారు. ఆవిడ వేళ్ల మధ్య పెట్టాను. రెండుసార్లు సాగదీసి చూసుకుని గరిటె నా చేతికిచ్చారు. అప్పటి నుంచి పాకం నాది.

500 గ్రాముల చక్కెర, 150 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెక్క నిమ్మరసం. నిమ్మరసం వాసన కోసం కాదు, చక్కెర పెద్ద పలుకులు కట్టకుండా ఆపుతుంది. చక్కెర కరిగేదాకా కలపండి, మరిగాక గరిటె పెట్టొద్దు. మధ్యస్థ మంట మీద ఎనిమిది పది నిమిషాలకు రెండు సెంటీమీటర్ల తీగ తెగకుండా సాగుతుంది. సిన్యోరా మనవడు ఒక థర్మామీటర్ తెచ్చిచ్చాడు. మంచి పిల్లవాడే, కానీ ఈ ఊరు 819 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పుస్తకంలో రాసిన అంకె దాకా ఆగితే పాకం ముదిరిపోతుంది. తీగకు ఆ బాధ లేదు.

దించి, బుడగలు అణిగేదాకా రెండు నిమిషాలు ఆగి, చెక్క గరిటెతో ఒకే వైపు గిలకొట్టండి. ముందు ఏమీ జరగదు. చేయి నొప్పెడుతుంది. తర్వాత గరిటె వెనుక మబ్బులాంటి చార కనిపిస్తుంది, చూస్తుండగానే గిన్నె అంతా పాలరంగుకు తిరుగుతుంది. అక్కడి నుంచి మీకున్నది నాలుగైదు నిమిషాలు. తరాల్లి పూర్తిగా చల్లారి, వరసగా చేతికి అందేలా ఉండాలి. ఒకరు బ్రష్‌తో పూస్తుంటే రెండోవారు వెంటనే రంగురంగుల చక్కెర పూసలు చల్లాలి. వాటిని దియావోలీని అంటారు, అంటే బుల్లి దెయ్యాలు. నేల మీద పడితే నెల తర్వాత కూడా కాలికింద దొరుకుతాయి, ఆ పేరు ఊరికే రాలేదు.

గిన్నెలో పూత బిగుసుకుపోతే ఒక చెంచా వేడినీళ్లు పోసి సన్నని మంట మీద కదపండి, లొంగుతుంది. పూసిన నాలుగు గంటలకు కూడా వేలికి అంటుతోందంటే పాకం లేతగా దించారు. ఓవెన్‌ను 60 డిగ్రీలకు పెట్టి, తలుపు ఓరగా తీసి, ఒక పావుగంట ఆరబెడితే కొంతవరకు సరిపోతుంది. మెరుపు మాత్రం రాదు. ఆరాక రేకు డబ్బాలో, వరసకూ వరసకూ నడుమ వెన్న కాగితం వేసి పెట్టండి. రెండు వారాలు కరకరలాడతాయి. ఫ్రిజ్‌లో పెడితే పూత చెమర్చి కారిపోతుంది.

శనివారం పూసినా రుచి చూడనివ్వరు. గురువారం రాత్రి పూజతో మూగబోయిన గుడి గంటలు శనివారం రాత్రి జాగరణ పూజలో మళ్లీ మోగుతాయి. అంతదాకా డబ్బా మూత తీయకూడదు. ఈ ఏడాది కిటికీ తెరిచి గంటలు విన్నాక సిన్యోరా ఒకటి తీసుకుని, అలవాటుగా బల్ల మీద తట్టి, విరిచి, సగం నాకిచ్చి నమిలారు. "పిండి ఇంకాస్త పిసకాల్సింది" అన్నారు. పాకం గురించి ఏమీ అనలేదు. రెండోది తీసుకున్నారు.