పిల్లల కోఆర్డినేషన్ చార్టులు: క్లెయిమ్ ఎందుకు వెనక్కొస్తుంది, ఎక్కడ సరిచేయాలి

కడపలో ఇంటి నుంచే అమెరికా ఆసుపత్రుల చార్టులు, అంటే రోగుల రికార్డులకు ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం వేసిన జబ్బు కోడ్‌లు, ఆడిట్ చేస్తాను. మా టీమ్‌లో కర్నూలు, అనంతపురం జూనియర్ కోడర్లూ ఉన్నారు. రాత్రి పదకొండు దాటాక ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు: "అక్కా, ఈ ఆర్27.9 మళ్లీ ఎనక్కొచ్చింది. ఏం కోడ్ వేయమంటారు?" కోడ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు డాక్టర్ రాసింది అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించమంటాను. ఈ కేసుల్లో చిక్కు చాలావరకు అక్కడే ఉంటుంది.

సమస్య: ఎనిమిదేళ్ల బాబు, ఆర్27.9 వేశాం, థెరపీ క్లెయిమ్ తిరిగొచ్చింది

మొన్న ఒక జూనియర్ పంపిన చార్టు ఇది. డాక్టర్ నోట్ మొత్తం ఒక్క లైను: "కోఆర్డినేషన్ సరిగా లేదు, ఓటీకి పంపుతున్నాను." ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స.

కారణం: ఆర్27.9 అంటే కోఆర్డినేషన్ (కాళ్లూ చేతులూ పొందికగా కదలడం) లోపం ఉంది, ఏ రకమో తెలియదు అని. దాన్ని చూసి ఇన్సూరెన్స్ వాళ్లకు థెరపీ ఎందుకు అవసరమో అర్థం కాదు. అలాగని మనం ఎఫ్82 వేయలేం. కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ (డీసీడీ), క్లమ్సీ చైల్డ్ సిండ్రోమ్, డెవలప్‌మెంటల్ డిస్‌ప్రాక్సియా మూడూ ఎఫ్82కే పోతాయి. ఉత్త డిస్‌ప్రాక్సియా అని రాస్తే ఆర్27.8. "డెవలప్‌మెంటల్" అనే ఒక్క మాట దగ్గర దారి చీలుతుంది. పిల్లవాడికి ఎనిమిదేళ్లే కదా అని ఆ మాట మనమే చేర్చుకోకూడదు.

పరిష్కారం: డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పెట్టాలి. "డీసీడీ అని రాస్తారా?" అని అడగడం తప్పు, అది జవాబు మనమే చేతికందించినట్టు. ఇబ్బంది ఎప్పటి నుంచి ఉంది, రోజువారీ పనుల్లో ఎక్కడ అడ్డొస్తోంది, వేరే కారణం ఏమైనా కనిపించిందా అని అడగండి. మానసిక, ఎదుగుదల సమస్యలను గుర్తించే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 ఈ డీసీడీకి పెట్టిన నాలుగు షరతులూ ఇంచుమించు ఇవే: వయసుకు తగ్గ నేర్పు లేకపోవడం, దానివల్ల ఇంట్లోనో బడిలోనో పనులు దెబ్బతినడం, చిన్నప్పుడే మొదలవడం, బుద్ధిమాంద్యంతోనో చూపు లోపంతోనో సెరిబ్రల్ పాల్సీ లాంటి నరాల జబ్బుతోనో దాన్ని వివరించలేకపోవడం. డాక్టర్ తేల్చలేకపోతే "ఇప్పుడే చెప్పలేం" అని రాయడానికీ క్వెరీలో చోటు ఉంచాలి.

ఆ చార్టుకు రెండు రోజుల్లో జవాబు వచ్చింది. షర్టు గుండీలు ఇప్పటికీ తల్లే పెడుతుంది. కత్తెర గీత మీద పోదు. అక్షరాలు లైను దాటి కిందికి జారతాయి, పక్క పిల్లలు పేజీ రాసేలోపు వీడు మూడు లైన్లు రాస్తాడు. కండరాల బిగువు, రిఫ్లెక్సులు, చూపు మామూలుగానే ఉన్నాయి. పిల్లల కదలికల నేర్పును కొలిచే ఎంఏబీసీ-2 పరీక్షలో 5వ పర్సంటైల్ కంటే తక్కువ. చివర్లో డయాగ్నోసిస్ పేరు రాసి ఉంది. ఇక ఎఫ్82కు అడ్డేముంది?

అది చదువుతుంటే మా వీధిలో పిల్లవాడే గుర్తొచ్చాడు. నీళ్ల గ్లాసు ఒలకబోసినప్పుడల్లా వీపు మీద ఒకటి పడుతుంది, పైగా "మొద్దు" అనే పేరు. 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఈ ఇబ్బంది ఉంటుందని డీఎస్ఎం-5 చెబుతుంది. వాళ్లలో ఎంతమంది దెబ్బలు తింటున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

సమస్య: ఎఫ్82, ఆర్27.8 రెండూ వేస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపిస్తోంది

ఎఫ్82 కింద ఆర్26, ఆర్27 రెండింటికీ ఎక్స్‌క్లూడ్స్1 ఉంది, అంటే ఇవి కలిపి వేయకూడదని. డయాగ్నోసిస్ తేలాక దాని లక్షణాన్ని మళ్లీ వేరే కోడ్‌గా వేయక్కర్లేదు, ఆర్27.8 తీసేయండి. రెండో ఇబ్బంది పూర్తిగా వేరే కారణం వల్ల వచ్చిందని డాక్టర్ స్పష్టంగా రాస్తే అప్పుడు రెండూ నిలుస్తాయి.

ఎఫ్82 వేస్తే "ఇది డెవలప్‌మెంటల్, మా పాలసీలో రాదు" అని తిరిగొచ్చే క్లెయిములూ ఉంటాయి. అప్పుడు ఆర్27.8కి మార్చి పంపమని పైనుంచి ఒత్తిడి వస్తే ఒప్పుకోవద్దు. నేను వెనక పనిచేసిన ఒక చోట అలా మార్పించారు, ఆ చార్టులు ఆడిట్‌లో దొరికాయి. నోట్స్ జతచేసి అప్పీలుకు పోవడమే సరైన దారి.

సమస్య: ఓటీ రిపోర్టులో డీసీడీ అని ఉంది, డాక్టర్ నోట్‌లో లేదు

డయాగ్నోసిస్ డాక్టర్ నుంచి రావాలి. థెరపిస్టు కొలతలు ఎంత పక్కాగా ఉన్నా, వాటిని చూసి డాక్టర్ తన నోట్‌లో రాసేదాకా ఆగాలి. "ప్రాబబుల్ డీసీడీ", "రూల్ ఔట్ డీసీడీ" (డీసీడీ కావొచ్చు, అవునో కాదో తేల్చాలి) అని రాసినా అంతే. అవుట్‌పేషెంట్‌లో అనుమానానికి కోడ్ లేదు, అప్పటికి తేలిన లక్షణానికే కోడ్.

సమస్య: పోయిన వారం దాకా బాగా నడిచిన పాప తూలుతోంది, నోట్‌లో "క్లమ్సీ" అని ఉంది

ఈ ఒక్కదాని దగ్గర తొందరపడొద్దు. కొత్తగా మొదలైన తూలుడు ఎఫ్82 కిందికి రాదు. అమ్మవారు పోసి తగ్గాక కొందరు పిల్లల్లో చిన్నమెదడు దెబ్బతిని ఇలా తూలుతారు, మెదడులో గడ్డ ఉన్నా తూలొచ్చు. పాప జబ్బు చరిత్రలో "రెండు వారాల క్రితం చికెన్‌పాక్స్" లాంటి లైను ఉందేమో పైనుంచి కింద దాకా చదవండి. ఉంటే క్వెరీలో ఆ లైనునే ఎత్తి చూపించండి. డాక్టర్ అటాక్సియా (కదలికల్లో పట్టు తప్పడం) అని మాత్రమే రాసి కారణం చెప్పకపోతే ఆర్27.0, తూలే నడక అని మాత్రమే రాస్తే ఆర్26.0.

చిన్నవి రెండు

మన దగ్గర ఆసుపత్రి రికార్డుల సెక్షన్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఆర్27.9 ఎక్కడిదని తడబడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ పుస్తకం ఐసీడీ-10లో అది లేదు, అక్కడ ఏ రకమో చెప్పనివి కూడా ఆర్27.8లోనే కలిసి ఉంటాయి. ఆర్27.9 అమెరికా వాళ్లు దాన్ని మార్చుకుని వాడే ఐసీడీ-10-సీఎం పుస్తకంలోది.

చిన్న వయసులో మొదలైన చిన్నమెదడు అటాక్సియాకు వేసే జీ11.1 ఇన్‌వాలిడ్ (చెల్లదు) అని వస్తే పాత పుస్తకం వాడుతున్నట్టే. 2020 అక్టోబర్ 1 నుంచి అది మూడుగా చీలింది. ఫ్రీడ్రైక్ అటాక్సియా అయితే జీ11.11, చిన్న వయసులో మొదలైన చిన్నమెదడు అటాక్సియా ఇంకేదైనా అయితే జీ11.19, ఏదో చెప్పకపోతే జీ11.10.